"కింద ఏదో జారినట్టుంది"

గుడివాడ వైపు నాట్ల రోజులు. ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఒకావిడ మాత్రం మాటిమాటికీ గట్టెక్కి కూర్చుంటోంది. ఆమెకు నలభై ఐదేళ్ళు. ముగ్గురు పిల్లల తల్లి.

"ఏం వదినా, నడుము పట్టిందా?" అని పక్కామె అడిగింది.

"నడుము కాదమ్మాయ్. కింద ఏదో జారినట్టుంటంది. దగ్గితే చీర తడుస్తంది. ఎవరితో చెప్పుకోను?"

నాలుగేళ్ళుగా ఆమెకు ఈ బాధ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దివిసీమలోనూ బందరులోనూ ఇలా దాచుకునేవాళ్ళు ఉన్నారు. ఇది తప్పుచేస్తే వచ్చే జబ్బు కాదు. అంటుజబ్బూ కాదు.

నడుము కింద ఎముకలు గిన్నెలా ఉంటాయి. ఆ గిన్నెకు అడుగు లేదు. అడుగున కండరాలు ఉంటాయి, మంచానికి నులక అల్లినట్టు. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివర ఈ నులక మీదే ఆనుకుని ఉంటాయి. ఒంటేలు, దొడ్డికి ఆపుకునేదీ ఈ కండరాలతోనే. నులక వదులైతే మంచం కుంగుతుంది. అలాగే ఈ కండరాలు వదులైతే పైనున్నవి కిందికి దిగుతాయి. గర్భసంచి దిగితే "సంచి జారింది" అంటారు.

ఎందుకు వదులవుతాయి? మొదటి కారణం కాన్పు. బిడ్డ ఈ కండరాల మధ్య నుంచే బయటికి వస్తుంది. అవి బాగా సాగుతాయి. ఒక్కోసారి చిరుగుతాయి. గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకోక ముందే "ముక్కు, ముక్కు" అని తొందరపెట్టకూడదు. పొట్ట మీద నొక్కకూడదు.

తర్వాత బరువులు. దివిసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళలో భూమిలో నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళు మోసుకు రావాలి. బందరు గిలకలదిండిలో అయితే చేపల గంపలు. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తితే ఆ ఒత్తిడి అంతా నులక మీదే పడుతుంది. బాలింతకు బిందె ఇవ్వకూడదన్నది అందుకే. ఆ నెల రెండు నెలలు నీళ్ళు మగవాళ్ళు మోస్తే ఏం పోయింది? ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం కూడా ఇదే పని చేస్తాయి.

ముట్లు ఆగాక ఈ కండరాలు ఇంకా పల్చబడతాయి. అందుకే కాన్పులో తగిలిన దెబ్బ ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడవచ్చు.

చిన్నపిల్లల సంగతీ చూడాలి. బడిలో మరుగుదొడ్డి బాగోలేదని ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేస్తారు. సాయంత్రం దాకా ఆపుకుంటారు. మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయి. ముక్కే అలవాటు అక్కడే మొదలవుతుంది.

వదులైన నులకను బిగించవచ్చు. 1948లో అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు దీనికి ఒక కసరత్తు గురించి రాశాడు. పైసా ఖర్చు లేదు. మూత్రాన్ని, గాలిని ఆపుకుంటున్నట్టు కండరాలను లోపలికి, పైకి బిగించాలి. అయిదు లెక్కపెట్టాలి. వదలాలి. మళ్ళీ అయిదు లెక్కపెట్టాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు. పొట్ట, పిరుదులు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు చేయకూడదు. బియ్యం ఏరుతూ చేసుకోవచ్చు. బస్సులో కూర్చుని చేసుకోవచ్చు. పక్కవాళ్ళకు తెలియదు. మూడు నెలలు విడవకుండా చేస్తే తేడా తెలుస్తుంది. సంచి బాగా బయటికి వచ్చేస్తే మాత్రం ఇది ఒక్కటే చాలదు.

"పిల్లలు పుట్టేశారుగా, ఇంక సంచి దేనికి? తీయించెయ్" అనే మాట మన వైపు చాలా తేలిగ్గా వినబడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు అన్ని రాష్ట్రాల కన్నా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మంది. దేశం మొత్తం మీద నూటికి ముగ్గురే. ఆపరేషన్ కొందరికి తప్పదు. కానీ సంచి తీసినంత మాత్రాన నులక బిగుసుకోదు. తర్వాత ఇంకో భాగం జారవచ్చు. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అందుకని "ఎందుకు తీస్తున్నారు? వేరే దారి ఉందా?" అని డాక్టరును అడగాలి. ఇంకో డాక్టరుకూ చూపించుకోవాలి.

ముట్లు ఆగాక మళ్ళీ రక్తం కనబడినా, మూత్రం రాక బిగుసుకుపోయినా, జారిన చోట పుండు పడినా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గట్టు మీద కూర్చున్నావిడను పక్కామె నర్సమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది. నర్సమ్మ పెద్దాసుపత్రికి రాసింది. అక్కడ లేడీ డాక్టరు పరీక్ష చేసి లోపల మెత్తటి రింగు ఒకటి పెట్టింది. అది సంచిని పైకి ఆపుతుంది. అప్పుడప్పుడు తీసి, కడిగి, మళ్ళీ పెట్టాలి. చెప్పిన రోజుకు చూపించుకోవాలి. కసరత్తు కూడా నేర్పింది. ఆవిడ దాళ్వా నాట్లకు వెళ్ళింది. బుట్ట మాత్రం ఇద్దరు కలిసి ఎత్తుతున్నారు.