పాత కారు - కొత్త మెదడు

మానవుడు నిర్మించిన యంత్రాలలో మోటారు కారు నిత్యజీవితంతో ఎంతగానో పెనవేసుకొన్నది. కర్నూలు జిల్లాలోని పత్తికొండ వంటి పట్టణాలలో అది కేవలం విలాస వస్తువు కాదు. అద్దెకు కారు నడిపి కుటుంబాన్ని పోషించుకొనే డ్రైవరుకు అది జీవనాధారం. అర్ధరాత్రి రోగిని కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చవలసిన కుటుంబానికి అది ప్రాణాధారం. అటువంటి కారు ఒకనాడు ఉన్నట్టుండి మొరాయిస్తే, "ఈసీఎం పోయింది, మార్చాలి" అన్న మాట వినబడితే యజమాని గుండె గుభేలుమంటుంది. పదిహేను, ఇరవై ఏండ్లనాటి కారు విలువలో కొత్త ఈసీఎం ధరే పెద్ద భాగం కావచ్చు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడం ఎలా? నిజమే అయితే దానిని మార్చే విధానమేమి? ఈ రెండు విషయాలను తెలుసుకొందాం.

ఈసీఎం అంటే ఇంజనును నియంత్రించే కంప్యూటర్. పూర్వం కార్లలో పెట్రోలును గాలితో కలిపే పనిని కార్బురేటర్ చేసేది. 1983లో వచ్చిన మారుతి 800 కూడా మొదట కార్బురేటర్ కారే. అయితే పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ చక్కగా పనిచేయాలంటే గాలి, పెట్రోలు పాళ్లు కచ్చితంగా కుదరాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. వేగం, బరువు, ఎండ, చలి మారుతున్నా ఆ పాళ్లను నిలపడం కార్బురేటర్‌కు సాధ్యం కాలేదు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1979లోనే పెట్రోలును, నిప్పురవ్వను ఒకే కంప్యూటర్‌తో నియంత్రించే మోట్రానిక్ పద్ధతిని ప్రవేశపెట్టింది. మన దేశంలో 2000లో కొత్త కాలుష్య నియమాలు అమలులోకి వచ్చిన తరువాత సామాన్యుని కారులోకి కూడా కంప్యూటర్ ప్రవేశించింది.

ఈ చిన్న పెట్టె చేసే పని ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రతి సిలిండరులోనూ సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. మూడు సిలిండర్ల ఇంజనైతే సెకనుకు 75 సార్లు. ప్రతిసారీ ఎంత పెట్రోలు చిమ్మాలో, ఏ క్షణాన నిప్పురవ్వ పుట్టించాలో ఈసీఎం నిర్ణయిస్తుంది. కాని అది ఇంజనును స్వయంగా చూడలేదు. లోపలికి వచ్చే గాలి, నీటి వేడి, ఇంజను వేగం, పొగలోని ఆక్సిజన్ - వీటిని సెన్సర్లు తెలుపుతాయి. సెన్సర్లు సాక్షులైతే ఈసీఎం న్యాయమూర్తి. సాక్షి అబద్ధం చెప్పినప్పుడు తీర్పు తప్పుతుంది. అటువంటప్పుడు న్యాయమూర్తిని మార్చినందువల్ల ప్రయోజనం ఉండదు.

అందువల్ల ఈసీఎం మీద నింద వేయకముందు కొన్నింటిని పరీక్షించాలి. మొదట బ్యాటరీ. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. తరువాత ఫ్యూజులు, రిలేలు, బాడీకి బిగించిన ఎర్త్ వైర్లు చూడాలి. తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ బోల్టు మొత్తం కారును నిలిపివేయగలదు. ఎలుకలు కొరికిన తీగలు కూడా ఈ కోవకే చెందుతాయి. పిమ్మట సెన్సర్లు. ఈసీఎం అనేక సెన్సర్లకు 5 వోల్టుల విద్యుత్తును పంపుతుంది. ఒక సెన్సరు లోపల షార్టయితే ఆ 5 వోల్టులూ పడిపోయి ఈసీఎమే చచ్చినట్లు కనిపిస్తుంది. సెన్సర్ల ప్లగ్గులను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మల్టీమీటరుతో కొలిస్తే, ఏ ప్లగ్గు తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో దోషం అక్కడ ఉన్నదని గ్రహించవచ్చు. స్కానరు చూపే కోడ్ సైతం ఆచూకీయే తప్ప తీర్పు కాదు.

పత్తికొండ పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి సర్ థామస్ మన్రో గుర్తుకు వస్తాడు. దత్తమండలాలకు కలెక్టరుగా, అనంతరం మద్రాసు గవర్నరుగా పనిచేసిన ఆయన 1827లో ఈ ఊరిలోనే కలరాతో మరణించాడు. దత్తమండలాలలో ఆయన పొలాలను కొలిపించి శిస్తు నిర్ణయించే పద్ధతిని నెలకొల్పాడు. కారు మరమ్మతుకు కూడా ఇదే వర్తిస్తుంది. ముందు కొలత, ఆ తరువాతే నిర్ణయం.

అన్నీ సరిగా ఉండి, విద్యుత్తు, ఎర్త్ చక్కగా అందుతున్నా ఈసీఎం పలకకపోతే దోషం దానిలోనే ఉన్నదని చెప్పవచ్చు. రాయలసీమ ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు కొలిమిలా కాగుతుంది. ఈసీఎంలోని కొన్ని కెపాసిటర్లలో ఉండే ద్రవం వేడికి ఎండిపోతుంది, లేదా కారి రాగి దారులను తినివేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సుమారు సగానికి తగ్గుతుంది. వేడికీ కుదుపులకూ టంకం అతుకులు చిట్లుతాయి. ఇట్టి దోషాలను నిపుణుడు కొన్ని సందర్భాలలో బాగుచేయగలడు. కనుక పెట్టెను పారవేయకముందు ఆ అవకాశాన్ని కూడా పరిశీలించాలి.

మార్చక తప్పనప్పుడు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. పాత పెట్టె మీది పార్టు నెంబరు, కొత్తదాని మీది నెంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పైకి ఒకే విధంగా కనిపించినా లోపలి లెక్కలు వేరుగా ఉండవచ్చు. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. శరీరంలోని స్థిర విద్యుత్తు పోవడానికి కారు లోహభాగాన్ని తాకి, ప్లగ్గులలోని పిన్నులను ముట్టకుండా పెట్టెను మార్చాలి. ఇమ్మొబిలైజరు ఉన్న కార్లలో తాళంచెవి సంకేతాన్ని కొత్త ఈసీఎంకు గుర్తుపట్టించాలి. లేనిచో ఇంజను స్టార్టు కాదు. పాత సామాను అంగడిలో కొన్న పెట్టె విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ.

వీటన్నిటికన్నా ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. పాత ఈసీఎం ఎందుకు కాలిపోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగించరాదు. షార్టయిన ఇగ్నిషన్ కాయిల్ పాతదానిని కాల్చి ఉంటే కొత్తదానిని కూడా కాలుస్తుంది. బ్యాటరీ తీగలను తారుమారుగా కలపడం, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ విప్పడం, ఈసీఎంను వేరుచేయకుండా బాడీకి వెల్డింగు చేయడం కూడా ఇటువంటి నష్టాలకు దారితీస్తాయి.

కంప్యూటర్ వచ్చినంత మాత్రాన మెకానిక్కు పనితనం విలువ తగ్గలేదు. చెవితో విని, చేతితో తడిమి దోషం పట్టే నేర్పుకు కొలిచి చూసే ఓర్పు కూడా తోడు కావాలి. ఆ ఓర్పు ఉన్న చోట పేదవాని సొమ్ము వృథా కాదు, పాత కారు కొంతకాలం కుటుంబానికి అక్కరకు వస్తుంది.