తప్పు పంపుదీ కాదు.. పిల్లాడిదీ కాదు!

కిందటి వేసవి సెలవుల్లో ఓ పాత కారు మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేకుండా చేసింది. మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కనున్న కేరీలో. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. పార్ట్‌టైమ్‌గా సంపాదించిన డబ్బుతో 1995 నాటి మజ్దా మియాటా కొన్నాడు. ‘ఇంత చదివిస్తున్నది చేతులకు గ్రీజు పూసుకోవడానికా?’ అని మా ఆవిడ బాధ. నేను మాత్రం సాయంత్రం లాప్‌టాప్ మూసేసి, పానా పట్టుకుని వాడి పక్కన చేరేవాణ్ని. ఇరవై ఏళ్ల కొడుకు నాన్నతో గంటసేపు మాట్లాడేది ఇంకెక్కడ చెప్పండి!

ఇద్దరం కలిసి దానికి టర్బో బిగించాం. పాత పెట్రోలు గొట్టాలు తీసేసి, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా కొత్త లైన్ వేశాం. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అందాలో చెప్పే కంప్యూటర్ సెట్టింగులు నేను చూసుకున్నాను. నెల రోజులు బాగానే నడిచింది. ఒకరోజు ఫ్రీవే ఎక్కుతూ వాడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఇంజిన్ దగ్గినట్టు దగ్గి, వేగం పడిపోయింది. వెనకాల పెద్ద ట్రక్కు. ఎలాగో పక్కకు తీసి ఆపాడు. ఇంటికొచ్చి చెబుతుంటే వాడి గొంతు వణికింది.

నేను ఓదార్చాల్సింది పోయి, ‘చవక పంపు కొనొద్దని చెప్పానా?’ అన్నాను. ‘నువ్వు పెట్టిన సెట్టింగులే తప్పేమో నాన్నా’ అన్నాడు వాడు. మాటా మాటా పెరిగింది. మా ఆవిడ ‘అమ్మేయండి, పీడా పోతుంది’ అంది.

అప్పుడు విశాఖ నుంచి వచ్చిన మా నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అంతా విని ఒక్కటే అడిగారు.. ‘ఒరేయ్, మీలో ఎవరైనా కొలిచారా?’

కొలవలేదు. ఇద్దరం ఊహించాం, అంతే.

ఎందుకు కొలవాలంటే..

ఇంజెక్టర్ అంటే క్షణంలో వెయ్యో వంతుల లెక్కన తెరుచుకుని మూసుకునే చిన్న కుళాయి. అది ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతుంది. అంతసేపట్లో ఎంత పెట్రోలు పడుతుందన్నది లైన్‌లో ఉన్న ఒత్తిడిని బట్టి ఉంటుంది. మా కారులో ఇంజిన్ ఆపి పంపు మాత్రమే తిప్పితే ఉండాల్సిన ఒత్తిడి 43.5 పీఎస్ఐ, అంటే 3 బార్. టర్బో గాలిని 10 పీఎస్ఐతో నెడితే పెట్రోలు ఒత్తిడి కూడా అంతే పెరిగి 53.5 కావాలి. పెరగకపోతే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది. సిలిండర్‌లో వేడి మితిమీరి పిస్టన్ కరిగిపోవచ్చు కూడా. అది జరిగేది బాగా తొక్కినప్పుడే. అప్పుడు మన కళ్లు రోడ్డు మీద ఉండాలి గానీ గేజ్ మీద కాదు. అందుకే ప్రతి క్షణం రాసిపెట్టుకునే సెన్సర్ కావాలి.

బిగించడం ఇలా

ముందుగా కారును గరాజ్ బయటికి తెచ్చాం. మాలాగే చాలామంది ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది. దాని మంటకు పెట్రోలు ఆవిరి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పెట్రోలు మంటలకు పనికొచ్చే ‘బీ’ తరగతి ఆర్పే సిలిండర్‌ను చేతికందేలా పెట్టుకున్నాం. ఇంజిన్ నడుస్తుండగా పంపుకు కరెంటు ఆపి, దానంతటదే ఆగేదాకా ఉంచితే లైన్‌లో ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత ట్యాంకు మూత వదులు చేసి, డిక్కీలో ఉన్న బ్యాటరీ నెగటివ్ తీసేశాం. అప్పటికీ కొంచెం పెట్రోలు చిమ్ముతుంది కాబట్టి జాయింటుకు గుడ్డ చుట్టి, కళ్లజోడు పెట్టుకుని విప్పాం.

సెన్సర్ చోటు ముఖ్యం. పంపు దగ్గర పెడితే పంపు సంగతే తెలుస్తుంది. ఇంజెక్టర్లకు ఏం అందుతోందో తెలియాలంటే ఫిల్టరు దాటాక, ఇంజెక్టర్లకు కాస్త ముందు పెట్టాలి. మా ఏఎన్-6 లైన్‌లో, పక్కన 1/8 ఎన్‌పీటీ రంధ్రం ఉన్న చిన్న జాయింటు ఒకటి కలిపి, దానికి సెన్సర్ ఎక్కించాం. ఆ జాయింటును కారు బాడీకి క్లాంపుతో పట్టించాం. లేకపోతే ఇంజిన్ అదురుకు మర దగ్గర పగులు వస్తుంది.

ఇక్కడ రెండు రకాల మరలుంటాయి. ఎన్‌పీటీ మర చివరికి సన్నబడుతుంది, దానికి పెట్రోలుకు తట్టుకునే సీలెంట్ రాయాలి. ఏఎన్ జాయింటుకు ఏమీ రాయకూడదు, 37 డిగ్రీల వాలున్న లోహం లోహాన్ని నొక్కితేనే అది మూసుకుంటుంది. మన ఇళ్లలో కుళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపు అసలు వద్దు. దాని పీలిక ఒక్కటి ఊడినా ఇంజెక్టర్‌లో ఇరుక్కుంటుంది. సెన్సర్‌ను చేత్తో బిగిశాక పానాతో ఒకటిన్నర, రెండు చుట్లు చాలు. ఇంకా బిగిస్తే అల్యూమినియం చిట్లుతుంది.

అర వోల్టు మర్మం

సెన్సర్‌కు మూడు తీగలు.. 5 వోల్టుల కరెంటు, గ్రౌండు, సంకేతం. గ్రౌండును కారు బాడీకి కాకుండా కంప్యూటర్ సెన్సర్ గ్రౌండుకే ఇవ్వాలి, లేకపోతే అంకెలు ఊగుతాయి. మాది 0 నుంచి 100 పీఎస్ఐ కొలిచేది. సున్నా దగ్గర 0.5 వోల్టు, వంద దగ్గర 4.5. అంటే వోల్టుకు 25 పీఎస్ఐ.

‘సున్నాకి సున్నా వోల్టు ఇవ్వొచ్చుగా తాతయ్యా?’ అన్నాడు మావాడు. ‘తీగ తెగినా సున్నాయే వస్తుంది కదరా. ఒత్తిడి లేదా, కబురే లేదా అన్నది ఎలా తెలుస్తుంది? మా ప్లాంటులోనూ అందుకే 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు వాడేవాళ్లం. సున్నా వచ్చిందంటే తీగ చూడమని అర్థం’ అన్నారాయన. కోడ్‌లో ‘సున్నా’కీ ‘విలువ లేదు’కీ తేడా చూడాలని జూనియర్లకు చెప్పే నేను, ఆ మాట మా నాన్నగారి దగ్గర మళ్లీ నేర్చుకున్నాను.

స్టార్ట్ చేయకుండా పంపు మాత్రం తిప్పి, ప్రతి జాయింటునూ కాగితం తువాలుతో తుడిచి చూశాం. తడి లేదు. వోల్టు 2.24. లెక్క ప్రకారం 43.5 పీఎస్ఐ.

దొంగ దొరికాడు

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద తీసుకెళ్లాం. మామూలుగా నడిపితే అంతా సక్రమం. గట్టిగా తొక్కగానే 53.5 ఉండాల్సిన చోట 41కి పడిపోయింది. అందులో టర్బో గాలి 10 తీసేస్తే ఇంజెక్టర్‌కు మిగిలింది 31. పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పారుతుంది కాబట్టి, సుమారు 15 శాతం తక్కువ అందుతోంది.

పంపుకు కరెంటు సరిగానే వెళ్తోంది. ఇక మిగిలింది గొట్టం. ఆసాంతం తడుముతూ వెళ్తే వెనక చక్రం పైన, వంపు దగ్గర క్లాంపు కింద నొక్కుకుపోయి ఉంది. మేడ మీద ట్యాంకు పైపు నొక్కుకుపోతే ఒక కుళాయి తిప్పినప్పుడు తేడా తెలియదు, నాలుగూ తిప్పితేనే సన్నగా వస్తుంది. ఇదీ అంతే.

ఆ క్లాంపు బిగించింది నేను. ఊడిపోకూడదని ఇంకో చుట్టు ఎక్కువే తిప్పాను. వాడు కొన్న పంపు నిక్షేపంగా ఉంది. నా సెట్టింగులూ బాగానే ఉన్నాయి. నా చేతి పనే బాగాలేదు.

‘సారీ రా’ అన్నాను. వాడు నవ్వి, ‘సరే నాన్నా, కొత్త గొట్టం ఖర్చు నీదే’ అన్నాడు. నలిగిన గొట్టాన్ని మళ్లీ వాడకూడదు కాబట్టి కొత్తది పెద్ద వంపుతో వేశాం. ఇప్పుడు తొక్కినా 53 దగ్గర నిలబడుతోంది. ఒత్తిడి పడిపోతే కంప్యూటరే ఇంజిన్ జోరు తగ్గించేలా, సెన్సర్ నుంచి 0.25 వోల్టు కన్నా తక్కువ వస్తే తీగ తెగిందని హెచ్చరించేలా పెట్టాం. ఇన్సూరెన్స్ వాళ్లకు మార్పులన్నీ చెప్పాం.

పిల్లలు ఇలాంటి పనులు మొదలుపెడితే వద్దనకండి. పక్కన ఉండండి, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి. ఏదైనా చెడితే మాత్రం ఎవరినైనా అనే ముందు కొలవండి. నాన్నగారు విశాఖ వెళ్లిపోయారు. ఆదివారం ఫోన్‌లో మనవణ్ని ఆయన మొదట అడిగేది, ‘ఒత్తిడి ఎంతుందిరా?’ అనే. వాడు కాలేజీ గురించి చెబుతాడో, కారు గురించి చెబుతాడో నాకెప్పుడూ తెలియదు.