పొప్తీ భాష

మధ్య అమెరికాలో గ్వాటిమాలా యను దేశము కలదు. దాని వాయవ్యభాగమున, మెక్సికో సరిహద్దునకు సమీపమున, కుచుమతానెస్ అను ఎత్తైన పర్వతములున్నవి. ఆ పర్వతముల పడమటి వాలున హకల్తెనాంగో అను పట్టణమును, దాని చుట్టును పల్లెలును కలవు. అచటి జనులకు మొక్కజొన్నయే ముఖ్యమైన పంట. మొక్కజొన్న రొట్టెయే నిత్యాహారము. వారు మాటలాడు భాషను లోకము జకాల్టెక్ అని పిలుచుచున్నది. అది ఊరిపేరునుబట్టి వచ్చినది. ఆ ఊరిపేరు సైతము పరులు పెట్టినదే. 1524లో స్పెయిన్ సైన్యము ఆ దేశమున ప్రవేశించినపుడు, మెక్సికోనుండి నావాట్ల్ భాషీయులు దానికి సహాయముగా వచ్చిరి. ఆ ప్రాంతపు ఊళ్లకు పెక్కింటికి వారి భాషాపదములే పేరులుగా నిలిచిపోయినవి. ఆ జనులు మాత్రము తమ భాషను పొప్తీ యందురు. మనమును వారి మాటనే గ్రహింతము.

పొప్తీ మాయా భాషాకుటుంబమునకు చెందినది. ఇచట 'మాయా' యనునది ఒక జాతిపేరు. మన సంస్కృతశబ్దముతో దానికి సంబంధము లేదు. ప్రాచీనకాలమున అడవుల నడుమ మహానగరములను నిర్మించి, సున్నను గుర్తించుటకు ప్రత్యేకమైన చిహ్నమును వాడిన జాతి యది. ఆ కుటుంబమున సుమారు 30 భాషలు కలవు. వానిలో 22 భాషలకు గ్వాటిమాలాలో గుర్తింపు గలదు. పొప్తీ మాటలాడువారు కొన్ని పదివేలమంది మాత్రమే.

మాటలాడువారు కొద్దిమంది యైనంతమాత్రమున భాష సామాన్యమైనదని తలంపరాదు. ముందుగా దాని ధ్వనులను చూడుడు. మన వర్ణమాలలోని 'ఙ'కారమును మనము చదువుకొందుము గాని, దానితో మొదలగు మాట మనకు లేదు. పొప్తీలో ఇంటిని తెలుపు మాట ఆ ధ్వనితోనే ఆరంభమగును. దానిని వ్రాయుటకు వారు రోమను లిపిలోని 'ఎన్' అక్షరముమీద రెండు చుక్కలుంతురు. కంఠమున గాలిని క్షణకాలము బిగబట్టి, టక్కున విడిచి పలుకు హల్లులును ఆ భాషలో పెక్కు కలవు.

వాక్యనిర్మాణము మనదానికి విపరీతము. మన వాక్యమున క్రియ తుదకు వచ్చును. వారి వాక్యమున మొదటనే వచ్చును. "షువన్ పామును చూచెను" అని మనమందుము. షువన్ అనునది ఒక పురుషుని పేరు. ఇదే భావమును వారు "షిల్ నహ్ షువన్ నో లబా" అని చెప్పుదురు. 'షిల్' అనగా చూచెను. 'లబా' అనగా పాము. మరి నడుమనున్న 'నహ్', 'నో' అను చిన్నమాటలేమి? పొప్తీ భాషయొక్క విశేషమంతయు వానిలోనే యున్నది.

'నహ్' అనునది పురుషుని తెలుపును. 'నో' అనునది జంతువును తెలుపును. ఒక వస్తువును ప్రత్యేకించి చెప్పవలసినపుడు, అది ఏ వర్గమునకు చెందినదో తెలుపు చిన్నమాటను నామమునకు ముందు చేర్చుట వారి యాచారము. ఇట్టి వర్గపదములు ఆ భాషలో సుమారు 24 కలవు. స్త్రీకి 'ఇష్', చెట్టునకును కఱ్ఱకును 'తే', రాతికి 'చెన్', నీటికి 'హా', మొక్కజొన్నకు 'ఇషిమ్'. మంటికి, ఉప్పునకు, నూలునకు, వస్త్రమునకు, నిప్పునకు వేరువేరు పదములున్నవి. కుక్క జంతువే యైనను, మనుష్యుని యింట మెలగునది గావున కాబోలు, దానికి ప్రత్యేకముగా ఒక పదమున్నది.

ఈ పదములే సర్వనామములుగను పనిచేయును. "షిల్ నహ్ నో" అన్నచో "వాడు దానిని చూచెను" అని యర్థము. మన 'అది' పామునకును, రాతికిని, ఇంటికిని ఒక్కటే. వారి భాషలో అట్లుగాదు. సర్వనామము వినినంతనే అది జంతువో, రాయో, కఱ్ఱయో తెలియును.

మన భాషలోను ఇట్టి వివేచన కొంత కలదు. "ముగ్గురు బాలురు" అందుము గాని "మూడు బాలురు" అనము. 'వాడు' అనుటకును 'ఆయన' అనుటకును గల భేదము మీరెఱుగుదురు. పొప్తీలోను సామాన్య పురుషునకు 'నహ్', గౌరవింపదగిన పెద్దలకు 'యా' అని వేరుగా చెప్పుదురు. మనము మనుష్యులయెడ చూపు ఈ వివేచనను వారు సకలవస్తువులయెడను చూపుదురు.

ఇంకొక చిత్రము గమనింపుడు. పుట్టుకయు, పదార్థమును వర్గమును నిర్ణయించును. ఇల్లు కఱ్ఱతో కట్టినది గావున 'తే'. పాలు జంతువునుండి వచ్చును గావున 'నో', తోలుచెప్పులును 'నో'యే. రొట్టె మొక్కజొన్ననుండి పుట్టినది గావున 'ఇషిమ్'. ఇనుపకత్తికి రాతివర్గము. అనగా, ఒక వస్తువును పేర్కొన్నపుడెల్ల అది ఎచటినుండి వచ్చినదో ఆ భాష జ్ఞాపకము చేయుచుండును. మఱి ప్లాస్టిక్ వస్తువుల సంగతి యేమి? వానికి ఏ వర్గమును ఏర్పడలేదు. అవి వర్గపదము లేకయే వాడుకలోనికి వచ్చినవి. ఈ సంగతులను కొలెట్ క్రెయిగ్ అను భాషాశాస్త్రవేత్త 1977లో ప్రకటించిన వ్యాకరణమున వివరించిరి.

ఇట్టి భాష కష్టములకు లోనయినది. దీర్ఘకాలము పాఠశాలలలోను, కచేరీలలోను స్పానిష్ భాషదే అధికారము. 1960 మొదలు 1996 వఱకు గ్వాటిమాలాలో అంతర్యుద్ధము సాగెను. 1980వ దశకమున సైన్యము పల్లెలపై బడగా, వేలకొలది మాయా జనులు సరిహద్దు దాటి మెక్సికోలో తలదాచుకొనిరి. వారిలో విక్టర్ మాంటెహో అను పల్లెటూరి ఉపాధ్యాయుడొకడు. పొప్తీ ఆయన మాతృభాష. తరువాత ఆయన అమెరికాకు చేరి, తాను బోధించిన పల్లె యనుభవించిన విపత్తును 1987లో గ్రంథముగా వెలువరించెను. పిమ్మట అచటనే ఆచార్యుడయ్యెను. తన జాతి పెద్దలు చెప్పిన కథలను సేకరించి లోకమునకు తెలిపెను.

1990లో మాయా భాషల అకాడమీ చట్టబద్ధముగా ఏర్పడినది. 2003లో చేసిన మఱియొక చట్టము మాయా భాషలను జాతీయభాషలుగా గుర్తించినది. అయినను చట్టమొక్కటియే భాషను బ్రదికింపజాలదు. తల్లి బిడ్డతో ఆ భాషలో పలుకవలెను. బిడ్డ ఆ భాషలో బదులు చెప్పవలెను.

బాలబాలికలారా! ఒక భాష నశించిన మాటలు మాత్రమే నశింపవు. కత్తిలో రాతిని, రొట్టెలో పైరును చూడనేర్చిన దృష్టియు దానితో నశించును. అట్టి దృష్టి ఒక్కొక్క జాతి వేలయేండ్లలో సంపాదించుకొన్న ధనము. కావున ఏ భాషను అల్పమని యెంచకుడు. మీ యింట పలుకు భాషను పలుకుటకు సిగ్గుపడకుడు.