విశ్రాంత ఉద్యోగుల కాలనీకి విశ్వవిద్యాలయం వస్తే

ఢిల్లీ విశ్వవిద్యాలయం యమునకు తూర్పున సూరజ్‌మల్ విహార్‌లోనూ, నగరానికి పడమటి కొసన ద్వారకలోనూ కొత్త క్యాంపస్‌లు తలపెట్టింది. ఈ రెండింటికీ, నజఫ్‌గఢ్ దగ్గర రోషన్‌పురాలోని వీర్ సావర్కర్ కళాశాలకూ 2025 జనవరి 3న ప్రధాని శంకుస్థాపన చేశారు. మూడింటికీ కలిపి ఖర్చు 600 కోట్ల రూపాయలకు పైనే. సూరజ్‌మల్ విహార్‌కు ఇది రెండో విశ్వవిద్యాలయం. గురు గోవింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం తూర్పు ఢిల్లీ క్యాంపస్ 2023 జూన్ 8న అక్కడే 19 ఎకరాల్లో మొదలైంది.

ఈ రెండు ప్రాంతాల్లోనూ విశ్రాంత ఉద్యోగులు ఎక్కువ. సూరజ్‌మల్ విహార్‌కు దగ్గరలోని కర్కర్‌డూమా, ఆనంద్ విహార్ చుట్టుపక్కల కాలనీలు చాలావరకు సహకార గృహ నిర్మాణ సంఘాల పుణ్యమే. వాటిలో ఒకటైన ఏజీసీఆర్ ఎన్‌క్లేవ్ పేరులోనే అకౌంటెంట్ జనరల్ కార్యాలయం ఉంది. ప్రభుత్వ క్వార్టర్‌లో సర్వీసంతా గడిపినవారు పదవీ విరమణ నాటికి సొంత గూడు కావాలని కట్టుకున్న ఇళ్లివి. ద్వారకలో ఇదే కథ అపార్ట్‌మెంట్ల రూపంలో సాగింది. అక్కడి సహకార సొసైటీల్లో పింఛనుదారులు కోకొల్లలు. పిల్లలు ఉద్యోగాల కోసం గుర్‌గావ్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోగా, మిగిలింది పెద్దవాళ్లే.

ఇలాంటి చోట క్యాంపస్ ప్రస్తావన వస్తే కాలనీ రెండుగా చీలడం సహజం. ఆ చీలిక వయసును బట్టి కాదు, ఇంటి తీరును బట్టి వస్తుంది. ప్లాటు మీద సొంత ఇల్లున్నవారికి పై అంతస్తు, డాబా మీది బర్సాతీ గది అద్దెకిస్తే పింఛనుకు తోడవుతుంది. పాత ఇల్లు బిల్డర్‌కిచ్చి, నాలుగంతస్తులు వేయించి, తమ వాటాకు రెండు ఫ్లోర్లు తీసుకున్నవారికి విద్యార్థులంటే స్థిరమైన ఆదాయం. సొసైటీ ఫ్లాట్‌లో ఉండేవారికి ఆ వీలు తక్కువ. పేయింగ్ గెస్ట్ వసతులు (పీజీలు) పెట్టనివ్వని సొసైటీలు చాలా ఉన్నాయి. లాభం పక్క వీధికి వెళ్తుంది, ట్రాఫిక్ మాత్రం తమ గేటు ముందుకొస్తుంది. ద్వారకవాసులు ఏళ్ల తరబడి నీటి ట్యాంకర్ల మీద బతికినవారు. కొత్తగా వేలమంది వస్తున్నారంటే వారికి మొదట గుర్తొచ్చేది కుళాయే. దాన్ని ముసలివాళ్ల చాదస్తంగా కొట్టిపారేయడం అన్యాయం.

క్యాంపస్ వచ్చాక చుట్టుపక్కల ఏమవుతుందో తెలియాలంటే దక్షిణ ఢిల్లీలోని సత్యనికేతన్ చూడాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఆ చేరువలోనే ఉంది. 1973లో మొదలైన ఢిల్లీ విశ్వవిద్యాలయ సౌత్ క్యాంపస్ కూడా 1984లో ఆ పక్కనే ఉన్న ఇప్పటి స్థలానికి మారింది. అక్కడి మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి పేరే పెట్టారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన ఎన్నో తరాల విద్యార్థులకు ఆ ప్రాంతం చిరపరిచితం. కుటుంబాలుండే సత్యనికేతన్ క్రమంగా పీజీలు, కెఫేలు, జిరాక్స్ దుకాణాల పేటగా మారింది. ఇరుకు సందుల్లో అంతస్తు మీద అంతస్తు లేచింది. 2022 ఏప్రిల్‌లో మరమ్మతులు జరుగుతున్న భవనం కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు.

సత్యనికేతన్ ఇలా మారడానికి కారణం విద్యార్థులు కారు. చదువుకోవడానికి చోటిచ్చి, పడుకోవడానికి చోటివ్వని విధానమే అసలు కారణం. 1922 నాటి ఢిల్లీ విశ్వవిద్యాలయ చట్టం 33వ సెక్షన్ విద్యార్థుల నివాసాన్ని కూడా విశ్వవిద్యాలయం పట్టించుకోవలసిన విషయంగా చూస్తుంది. అద్దెల భారం మీద 2015లో ఉద్యమించిన విద్యార్థులు దీన్నే ఎత్తిచూపారు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2021 ప్రకారం పెద్ద విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 45 శాతం స్థలం బోధనకు, 25 శాతం నివాసాలకు, మిగిలినది ఆటలకూ పచ్చదనానికీ పోవాలి. ఆచరణలో ముందు లేచేవి తరగతి గదుల భవనాలే. సూరజ్‌మల్ విహార్‌లోనూ ద్వారకలోనూ శంకుస్థాపన జరిగింది అకడమిక్ బ్లాకులకే. కాలనీ పెద్దలు క్యాంపస్ వద్దనడం కంటే, హాస్టల్ ఎప్పుడు, ఎన్ని పడకలతో అని నిలదీయడం వారికీ మంచిది, విద్యార్థులకూ మంచిది.

నిలదీయడానికి దారి ఉందా అంటే, ఉంది, కానీ ఇరుకు. 1957 నాటి ఢిల్లీ అభివృద్ధి చట్టం 11-ఎ సెక్షన్ ప్రకారం మాస్టర్ ప్లాన్‌ను సవరించాలంటే, ఒక స్థలం వినియోగాన్ని మార్చాలన్నా సరే, ముందుగా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. అయితే ఆ స్థలం మొదటి నుంచీ విద్యాసంస్థకే కేటాయించి ఉంటే మార్పే లేదు కాబట్టి ప్రకటనా ఉండదు. చాలామందికి సంగతి తెలిసేది శిలాఫలకం చూశాకే. అందుకే మొత్తం మాస్టర్ ప్లాన్ ముసాయిదా దశలో ఉన్నప్పుడే పెదవి విప్పాలి. 2021 జూన్‌లో మాస్టర్ ప్లాన్-2041 ముసాయిదా వెలువడినప్పుడు దాదాపు 33 వేల అభ్యంతరాలు, సూచనలు వచ్చాయి. ఏ ప్లాటు దేనికి గుర్తించారో ముసాయిదా పటాల్లో చూసుకోవడం నివాసితుల సంక్షేమ సంఘాలు తప్పక చేయవలసిన పని.

సమయం మించిపోయాక కోర్టుకెక్కితే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ చూపింది. అక్కడి విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సంఖ్య పెరగడం వల్ల కలిగే ప్రభావాన్ని లెక్కించలేదంటూ నివాసితులు వేసిన కేసులో ప్రవేశాలను పాత సంఖ్యకే పరిమితం చేయాలని తీర్పొచ్చింది. 2022 మార్చిలో రాష్ట్ర శాసనసభ హడావుడిగా చట్టం మార్చి దాన్ని దాటవేసింది. మరుసటి ఏడాది విద్యార్థుల గోలను కూడా పర్యావరణ ప్రభావంగా లెక్కించాలని అప్పీలు కోర్టు అంటే, దానికీ శాసనసభ కొత్త చట్టంతో అడ్డుకట్ట వేసింది. గెలిచిన కేసు చేతిలో నిలవలేదు, ఇరుగుపొరుగు మధ్య కక్ష మాత్రం మిగిలింది.

ఇందుకు భిన్నంగా, అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్‌లో ఒక విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే వృద్ధుల నివాస సముదాయం కట్టింది. లాసెల్ విలేజ్ అనే ఆ సముదాయంలో చేరేవారు ఏటా 450 గంటలు చదువుకో, వ్యాయామానికో, అలాంటి కార్యక్రమాలకో కేటాయిస్తామని ఒప్పుకోవాలి. ఢిల్లీలో అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. వయోవృద్ధులు సహా బయటివారు తరగతుల్లో చేరి నేర్చుకునే పథకాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022లోనే ఆమోదించింది. కొత్త క్యాంపస్‌లు ఆ పథకాన్ని నిజంగా అమలు చేసి, గ్రంథాలయంలో కొన్ని కుర్చీలు, ఉదయం వేళ నడకదారి, వారానికో ఆరోగ్య శిబిరం చుట్టుపక్కల పెద్దలకు కేటాయించవచ్చు. ఇవన్నీ కట్టడం పూర్తయ్యాక కాక, నిర్మాణ ఒప్పందం రాసుకునేటప్పుడే హాస్టల్ పడకల సంఖ్యతోపాటు కాగితం మీదికి ఎక్కాలి.