నంబరు కలవని చీల

1851 నేవీ మోడల్ కోల్ట్ రివాల్వర్‌ని తిప్పి అడుగువైపు చూస్తే ఒకే నంబరు వరసగా కనిపిస్తుంది. గొట్టం కింద, చట్రం మీద, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇత్తడి కమ్మీ మీద, పిడి పట్టీ మీద అదే నంబరు. విడదీస్తే సిలిండర్ మీదా ఉంటుంది. గొట్టాన్ని చట్రానికి బిగించి పట్టే చిన్న ఉక్కు చీల మీద కూడా ఉంటుంది. వేలెడు పొడవు కూడా లేని ఆ చీలకి విడిగా నంబరు కొట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? పాత రివాల్వర్‌లో పోయిన భాగం కోసం వెతికేవాళ్లందరికీ ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే.

నూట యాభై ఏళ్లు దాటిన ఈ ఆయుధాల్లో చాలావాటికి ఏదో ఒక భాగం ఉండదు. తరచుగా పోయేది ఆ చీలే. నల్ల తుపాకి మందు కాలితే మసి దట్టంగా పేరుకుంటుంది, అది తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. అందుకే వాడిన ప్రతిసారీ చీల ఊడదీసి, గొట్టం విడదీసి కడిగేవారు. అలా పక్కన పెట్టిన చీల పోయేది. అగ్గి అందించే క్యాపులు తొడిగే నిపుల్స్ తుప్పుకి, దెబ్బలకి అరిగిపోయేవి. లోపలి సన్నని స్ప్రింగులు విరిగిపోయేవి. మరమేకుల తలలు చితికిపోయేవి.

ఈ రివాల్వర్‌ని తయారుచేసిన శామ్యూల్ కోల్ట్ 1814లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫోర్డ్‌లో పుట్టాడు. పదహారేళ్ల వయసులో, 1830లో, కోర్వో అనే ఓడలో కలకత్తాకి ప్రయాణం కట్టాడు. ఆ ప్రయాణంలోనే ఓడ చక్రం తిరిగి ఆగే తీరు చూసి చెక్కతో రివాల్వర్ నమూనా చెక్కాడని చెబుతారు. అది నిజమైనా కాకపోయినా, 1836 ఫిబ్రవరిలో అమెరికాలో తీసుకున్న పేటెంట్‌లోని ఆలోచన మాత్రం తిరుగులేనిది. హామర్‌ని వెనక్కి లాగితే చాలు, లోపలి చిన్న కొక్కెం సిలిండర్‌ వెనకాల ఉన్న పళ్లని నెట్టి ఒక గది మేర తిప్పుతుంది. వెంటనే ఇంకో మీట పైకి లేచి గాడిలో పడి, ఆ గదిని గొట్టానికి సరిగ్గా ఎదురుగా బిగించి ఉంచుతుంది. సైకిల్ ఫ్రీవీల్‌లో పళ్లూ కొక్కెమూ పనిచేసే పద్ధతి తెలిసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తిప్పడం, ఆపడం, గురికి సిద్ధం చేయడం అన్నీ బొటనవేలి ఒక్క కదలికలోనే.

ఆలోచన గొప్పదైనా వ్యాపారం నడవలేదు. న్యూజెర్సీ రాష్ట్రం పాటర్సన్‌లో పెట్టిన మొదటి కంపెనీ 1842లో మూతపడింది. మెక్సికోతో యుద్ధం వచ్చాక, కెప్టెన్ శామ్యూల్ వాకర్ చొరవతో 1847లో ప్రభుత్వం వెయ్యి రివాల్వర్లు కావాలంది. అప్పటికి కోల్ట్‌కి సొంత కర్మాగారమే లేదు. ఎలీ విట్నీ జూనియర్ కార్ఖానాలో చేయించి ఇచ్చాడు. ఆ తర్వాతే హార్ట్‌ఫోర్డ్‌లో నిలదొక్కుకున్నాడు. గొడ్డళ్ల కంపెనీలో పనిచేసిన ఎలీషా రూట్ అనే అసాధారణమైన మెకానిక్‌ని పిలిచి యంత్రాలన్నీ ఆయన చేతికి అప్పగించాడు. నా దృష్టిలో కోల్ట్ చేసిన అన్ని పనుల్లోకీ ముందుచూపు ఉన్న పని అదే. ఆ కర్మాగారంలో పని నేర్చిన ఫ్రాన్సిస్ ప్రాట్, ఏమోస్ విట్నీ తర్వాత తమ పేర్లతోనే యంత్ర పరికరాల కంపెనీ పెట్టారు. ఒక తరం అమెరికా మెకానిక్కులకి కోల్ట్ కర్మాగారమే బడి.

ఆ రోజుల్లో అందరి నోటా ఒకే కల. ఏ తుపాకీ భాగమైనా ఏ తుపాకీలోనైనా సరిపోవాలి, యుద్ధభూమిలో విరిగినదాన్ని తీసి ఇంకోటి బిగించేయగలగాలి. 1785లో ఫ్రాన్స్‌లో ఆనరే బ్లాంక్ అనే తయారీదారు విడి భాగాలు ముందు పోసి, చేతికొచ్చినవి తీసుకుని బిగించమంటే, అప్పటి అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ స్వయంగా బిగించి చూసి ఆశ్చర్యపోయాడు. 1820లలో అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్ ఎన్నో కొలత గేజీలు వాడి తన రైఫిళ్లలో దాన్ని నిజంగా సాధించాడు. ఆ కీర్తి ప్రజల మనసుల్లో కోల్ట్ పేరుకీ అంటుకుంది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఆయన రివాల్వర్లు జనాన్ని ఆకట్టుకున్నాయి. అదే ఏడాది అక్కడి సివిల్ ఇంజనీర్ల సంస్థలో, యంత్రాలతో ఆయుధాల తయారీ గురించి ప్రసంగించాడు. 1853లో థేమ్స్ ఒడ్డున కర్మాగారం తెరిచాడు. దాన్ని చూసిన జేమ్స్ నాస్మిత్ వంటి పేరుమోసిన ఇంజనీరు కూడా ఆ పనితీరుకి తలవంచాడు.

మరి భాగాలు నిజంగా ఒకదానికొకటి సరిపోయేవా? 1854లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఈ ప్రశ్న వచ్చినప్పుడు, ఆ లండన్ కర్మాగారంలో పనిచేసిన గేజ్ స్టిక్నీ సరిపోవని చెప్పాడు. యంత్రాలు భాగాలని దాదాపు ఒకే కొలతకి తెచ్చేవి. ఆ మిగిలిన కాస్త తేడాని ఫిట్టర్లు ఆకురాయితో రాసి సరిచేసేవారు. లోహం మెత్తగా ఉన్నప్పుడే ఒక రివాల్వర్ భాగాలన్నీ ఒకచోట కూర్చి, సరిపోయాక విడదీసి, కాల్చి చల్లార్చి గట్టిపరిచేవారు. కాల్చినప్పుడు ఉక్కు కొద్దిగా వంకర పోతుంది, గట్టిపడ్డాక ఆకురాయికి లొంగదు. కాబట్టి గట్టిపరిచాక భాగాలు మళ్లీ తమ జతనే చేరాలి. నంబరు అందుకోసం. చీల మీద కూడా నంబరు ఉందంటే, ఆ చీలని కూడా ఒక మనిషి ఆ ఒక్క రివాల్వర్ కోసమే రాసి సరిచేశాడని అర్థం.

1850 నుంచి 1873 వరకు ఈ మోడల్ హార్ట్‌ఫోర్డ్‌లో సుమారు 2,15,000, లండన్‌లో సుమారు 42,000 తయారయ్యాయి. ఇన్ని ఉన్నా, పోయిన భాగం దొరకడం సులువు కాదు. బాగుచేసేవారు ముందు చూసేది శిథిలమైన మరో కోల్ట్ కోసం. 1860 ఆర్మీ మోడల్‌ని కూడా నేవీ చట్రం మీదనే కట్టారు కాబట్టి లోపలి భాగాలకి అటు వైపు కూడా చూస్తారు. లండన్ రివాల్వర్లతో జాగ్రత్త పడాలి. వాటి పిడి పట్టీలు మామూలుగా ఇత్తడివి కావు, ఇనుపవి. హార్ట్‌ఫోర్డ్, లండన్ భాగాలు రెండూ కలిపేస్తే ఎక్కడా పుట్టని రివాల్వర్ ఒకటి తయారవుతుంది.

రెండో దారి ఇటలీ. బ్రెషా జిల్లాలోని గార్దోనే వాల్ ట్రొంపియా శతాబ్దాలుగా ఆయుధాల ఊరు. అక్కడ ఆల్దో ఉబెర్తి 1959లో నేవీ నకళ్ల తయారీ మొదలుపెట్టాడు. చూపుకి అచ్చం పాతదే. కొలతల్లో మాత్రం తేడాలుంటాయి, అక్కడి భాగం పాత చట్రంలో కూర్చోవాలంటే మళ్లీ ఆకురాయి తీయాల్సిందే.

అన్నిటికన్నా ఏడిపించేది మరమేకు. మర చుట్లకి అమెరికాలో ఉమ్మడి ప్రమాణాన్ని విలియం సెల్లర్స్ ప్రతిపాదించింది 1864లో. అంతకుముందు కోల్ట్ చుట్లు కోల్ట్‌వే. ఈనాటి ఏ దుకాణంలోని మరమేకూ అందులో సరిగా తిరగదు. బలవంతంగా తిప్పితే చట్రంలోని అసలు చుట్లు పాడవుతాయి, ఆ నష్టాన్ని ఇక ఎవరూ పూడ్చలేరు.

శుభ్రం చేసేటప్పుడూ జాగ్రత్త కావాలి. సిలిండర్ చుట్టూ ఒక సముద్రయుద్ధం చిత్రం అద్ది ఉంటుంది. 1843 మే 16న టెక్సస్ నౌకాదళం మెక్సికోతో కంపెచె దగ్గర చేసిన యుద్ధం అది, చెక్కినది వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ. ఆ గీతలు చాలా లోతు తక్కువ. తుప్పు వదిలించాలని గరుకు కాగితంతో రుద్దితే ఓడలు ముందు పోతాయి, తుప్పు తర్వాత పోతుంది.

దొరికిన భాగం మీద వేరే నంబరుంటే ఏం చేయాలి? దాన్ని చెరిపి అసలు నంబరు కొట్టేవాళ్లు ఉన్నారు. అన్ని నంబర్లూ కలిసిన రివాల్వర్‌కి ధర బాగా ఎక్కువ మరి. ఇది మోసం, కొనేవాడికి మాత్రమే కాదు. 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫోర్డ్ కర్మాగారంలో చాలా భాగం కాలిపోయింది. ఆనాటి చేతిపని ఎలా సాగిందో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం ముఖ్యంగా ఈ వస్తువులే. నకిలీ నంబరు ఆ సాక్ష్యాన్ని తారుమారు చేస్తుంది. మ్యూజియం పద్ధతే సరైనది. కొత్త భాగం కావాలంటే తిరిగి తీయగలిగేలా పెట్టాలి, లోపలివైపు చేసిన సంవత్సరం గుర్తు వేయాలి, ఎక్కడిదో కాగితం మీద రాసి వస్తువుతోపాటు ఉంచాలి. దొరకకపోతే ఆ చోటు ఖాళీగానే ఉండనివ్వాలి. నంబరు కలవని చీలతో నిజాయితీగా నిలబడిన రివాల్వర్, అబద్ధపు నంబర్లన్నీ కలిసిన దానికన్నా నూరు రెట్లు మేలు.

మన దేశంలోని పాత ఇళ్ల భోషాణాల్లో తాతలనాటి ఆయుధం కనిపిస్తే మాత్రం బాగుచేసే ఆలోచన పెట్టుకోవద్దు. 1959 ఆయుధ చట్టం, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలడానికి పనికిరాని పాతకాలపు ఆయుధాలకే మినహాయింపు ఇస్తుంది. అది పనికొస్తుందో లేదో తేల్చవలసింది మనం కాదు. లోపల మందు నిండి ఉండొచ్చు కూడా. కదపకుండా, రుద్దకుండా, పక్కన పడి ఉన్న చిన్న ముక్కల్ని పారేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి తెలియజేయండి.