గోంగూర పువ్వులో పసుపు రంగు: ఆంధ్రా యూనివర్సిటీ చెప్పిన సంగతి

పై వీడియోలో మధురవాడలోని మా మడి చూశారు కదా. ఎర్ర కాడ గోంగూరలో రెండు సాళ్లు కోయకుండా పూతకు వదిలేశాను. లేత పసుపు రేకులు, మధ్యలో ముదురెరుపు. పొద్దున విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. ఆ పసుపు గురించే ఈ పోస్టు.

ఈ మధ్య సంతల్లో "ఇందులో ఫ్లేవనాయిడ్లున్నాయి, షుగరు తగ్గిపోద్ది" అంటూ గోంగూర కట్టలు అమ్మేస్తున్నారు. ఫ్లేవనాయిడ్ అంటే మందు పేరు కాదండీ. మొక్క తన అవసరానికి తయారుచేసుకునే పదార్థాల కుటుంబం అది. కొన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి ఆకును కాస్తాయి, కొన్ని పువ్వుకు రంగునిస్తాయి. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ ఈ కుటుంబంలోదే. గోంగూర పూరేకుల్లో ఉండేది హిబిస్సెటిన్. క్వెర్సెటిన్‌కి 5 హైడ్రాక్సిల్ గుంపులుంటే దీనికి 7.

దీని నిర్మాణాన్ని తేల్చింది ఏ విదేశీ కంపెనీయో కాదు. మన ఆంధ్రా యూనివర్సిటీ రసాయన శాఖ. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చదివొచ్చిన ప్రొఫెసర్ టి.ఆర్.శేషాద్రి గారు 1930ల్లో వాల్తేరు చేరి, శిష్యులతో కలిసి పత్తి పూలు, గోగు పూలు, గోంగూర పూలు వరసపెట్టి పరీక్షించారు. హిబిస్సెటిన్ సంగతి 1940ల మొదట్లో బయటపడింది. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లిపోయారు. మన పెరటి పువ్వు మీద అంత పని జరిగిందని మనలో ఎంతమందికి తెలుసు?

ఒక్కటి గమనించండి. వాళ్లు తీసింది పూరేకుల నుంచి. మనం అమ్మేది ఆకు. రేకులో దొరికినదాని పేరు ఆకు కట్ట మీద రాయడం నాకైతే సబబనిపించదు. కాయ చుట్టూ కండపట్టిన ఎర్ర తొడుగులో రంగు ఇంకోటి, ఆంథోసయనిన్. అదీ ఈ కుటుంబమే. ఆ ఎర్రనీళ్లలో కాస్త వంటసోడా వేస్తే రంగు మారిపోతుంది, వీడియోలో చూడండి, పిల్లలకి భలే సరదా. తొడుగులు ఎండబెట్టి టీ కోసం అమ్మేవాళ్లు పుల్లటి రుచి, రంగు చెప్పుకోండి, చాలు. జబ్బు నయమవుతుందని ప్యాకెట్టు మీద వేస్తే ఆహార భద్రతా చట్టం ఒప్పుకోదు. పైగా ఆ మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే?

పూతకి ఎన్ని సాళ్లు వదలాలని చాలామంది అడుగుతున్నారు. విత్తనానికైతే రెండు చాలు. గోంగూర పొద్దు తగ్గాకే పూస్తుంది, తొందరపడకండి. ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి విత్తనం తల్లి పోలికలోనే వస్తుంది. కాయ పూర్తిగా ఎండి పగిలేలోపే కోసేయండి.