9 ఉండలు, 36 జతలు

మా సింగరేణి బొగ్గు గనుల సెంటినరీ కాలనీలో చలి గట్టిగా లెక్కేస్తే రెండు నెలలు. ఎండాకాలం 45 డిగ్రీలు చూసే ఊళ్లో కూర్చుని స్వెట్టర్ అల్లుతుంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. డిసెంబరులో తెల్లవారకముందే బండి మీద ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి మాత్రం నవ్వడు. మా ఇంట్లో ఆ మనిషి ఉన్నాడు కాబట్టి ఏటా దసరా దాటగానే నేను ఊలు సంచీ కిందికి దింపుతాను.

ఈసారి కొత్త ఊలు కొనకూడదని పంతం. ఇన్నేళ్ల మిగుళ్లన్నీ మంచం మీద పోసి, పప్పులు తూచే కాటా మీద ఒక్కొక్కటీ పెట్టాను. బొగ్గు బూడిద రంగు 310 గ్రాములు, గోధుమ రంగు 200, మీగడ రంగు 120, ముదురు నీలం 90, కుంకుమ ఎరుపు 70, మామిడాకు పచ్చ 65, బంతిపువ్వు పసుపు 45, నెమలికంఠం నీలం 40, లేత గులాబీ 30. మొత్తం 9 రంగులు, 970 గ్రాములు. పెద్దవాళ్ల స్వెట్టర్‌కు సరిపోయే బరువే. కానీ బరువు సరిపోయినంత మాత్రాన రంగులు సరిపోవు. ఆ పాఠం నాకు ఉచితంగా రాలేదు.

మా బాబు చిన్నప్పుడు వాడికి కుంకుమ ఎరుపు మీద మామిడాకు పచ్చ చుక్కలతో ఒక స్వెట్టర్ అల్లాను. ఉండలు పక్కపక్కన పెడితే సంక్రాంతి ముగ్గులా ఉన్నాయి. నెల రోజులు అల్లి, తొడిగి, వాకిట్లో నిలబెట్టాను. పక్క క్వార్టర్ చెల్లె గేటు దగ్గర్నుంచే చూసి, "ఇదేందక్కా, చుక్కలేసిన అంటివి, ఏడున్నయి? అంతా బురద లెక్క కొడుతుంది" అంది. కోపం వచ్చింది కానీ పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే ఆమె మాటే నిజం. ఎరుపు కనబడలేదు, పచ్చా కనబడలేదు. రెండూ కలిసి ఏదో మట్టిరంగై కూర్చున్నాయి.

తప్పెక్కడ జరిగిందో చాలా కాలం తర్వాత గానీ అర్థం కాలేదు. అదీ ఒక పాత టీవీ గుర్తొచ్చి.

1987లో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైనప్పుడు మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. ఇంట్లో నలుపు తెలుపు టీవీ. మన దేశంలో రంగుల ప్రసారం 1982లోనే వచ్చింది గానీ మా క్వార్టర్ దాకా రంగుల పెట్టె రాలేదు. సీత కట్టుకున్నది ఎర్ర చీరా, పచ్చ చీరా అని పిల్లలం పందేలు వేసుకునేవాళ్లం. ఎవరూ గెలిచేవాళ్లు కాదు. తెర మీద రెండూ ఒకే బూడిద రంగు మరి. అదే పసుపు అయితే ఎవరైనా కనిపెట్టేవారు, తెల్లగా మెరిసేది.

రంగుల ప్రసారం నలుపు తెలుపు టీవీలో కూడా సరిగ్గా కనబడాలని 1953లో అమెరికా ఇంజినీర్లు ఒక లెక్క కట్టారు. ఏ రంగునైనా ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు పాళ్లుగా విడదీసి, ఎరుపును 0.299తో, పచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో హెచ్చించి కలిపితే, మన కంటికి ఆ రంగు ఎంత వెలుతురుగా తోస్తుందో వస్తుంది. మూడు గుణకాలనూ కూడి చూడండి, సరిగ్గా 1. వెలుతురులో సగానికి పైగా పచ్చదే వాటా. నీలం వాటా ఎనిమిదో వంతు కూడా లేదు. నీలం ఎంత నిండుగా ఉన్నా చీకటిగానే తోచడానికి కారణం అదే.

ఈ లెక్క ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉంది. ఫోటోలో ఒక చుక్క మీద వేలు పెడితే దాని మూడు పాళ్లూ 0 నుంచి 255 దాకా అంకెల్లో చెప్పే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఉండలన్నీ కిటికీ దగ్గర ఒకే వెలుతురులో పేర్చి ఫోటో తీశాను. కుంకుమ ఎరుపుకు 200, 30, 40 వచ్చింది. హెచ్చించి కూడితే 82. మామిడాకు పచ్చకు 40, 110, 50. కూడితే అదీ 82! ఒక నెల కష్టం ఎందుకు బురదలో కలిసిందో ఆ రెండంకెలు చెప్పాయి.

మిగతావీ లెక్కేశాను. మీగడ 227, పసుపు 194, గులాబీ 192, నెమలికంఠం 88, గోధుమ 63, బొగ్గు బూడిద 61, ముదురు నీలం 44. మీ ఇంటి కిటికీలో మీ ఫోను వేరే అంకెలు చెబుతుంది. ఆ తేడాతో పనిలేదు, వరుసక్రమం ముఖ్యం. అంకెల గోల వద్దనుకునేవాళ్లు ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి చూసుకున్నా చాలు.

9 రంగుల నుంచి రెండేసి ఏరితే 36 జతలు వస్తాయి (9ని 8తో హెచ్చించి సగం చేయండి). ఒక జతలో రెండు అంకెల మధ్య కనీసం 50 తేడా ఉంటే తప్ప పువ్వు నేల మీద నుంచి పైకి లేవదని నా అనుభవం. ఇది శాస్త్రం కాదు, నేను పెట్టుకున్న గీత. ఆ గీత గీస్తే 36లో 18 జతలు పోయాయి. మిగిలిన 18 జతల్లోనూ ఒక పక్క మీగడో పసుపో గులాబీయో ఉంది. అంటే నా సంచీలో నడిమి రంగులనుకున్నవి నిజానికి ముదురు రంగులే. 9 రంగులున్నాయని ఇన్నేళ్లూ మురిసిపోయాను. వెలుతురు లెక్కలో ఉన్నవి రెండే గుంపులు.

మన ఆడవాళ్లకు ఈ సంగతి చేతుల్లో ఎప్పట్నుంచో ఉంది, నోట్లోనే లేదు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పసుపు పక్కన తెల్ల గునుగు పెడితే దూరానికి రెండూ కలిసిపోతాయి. అందుకే గునుగు కొసలను ఎరుపులోనో ఊదాలోనో ముంచుతాం. పుట్టపాక, చీరాల నేతగాళ్ల తేలియా రుమాలు చూడండి. తెలుపు, ఎరుపు, నలుపు, మూడే మూడు రంగులు. లేత, నడిమి, ముదురు. నలుపు తెలుపు ఫోటో తీసినా ఆ రుమాలు మీది బొమ్మ చెదరదు.

రంగుల చరిత్రలో మన బొగ్గుకు ఒక పెద్ద పీట ఉందని ఈ కాలనీలో ఎంతమందికి తెలుసో. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియాకు క్వినైన్ తయారు చేద్దామని బొగ్గు తారు నుంచి వచ్చిన సరుకుతో కుస్తీ పట్టాడు. క్వినైన్ రాలేదు, ఊదా రంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదే తొలి మెట్టు. 1869 నాటికి తేలియా రుమాలు ఎరుపుకు ప్రాణమైన అలిజరిన్ కూడా బొగ్గు తారు నుంచే తీశారు. మన సింగరేణి బొగ్గు చాలావరకు కరెంటు కేంద్రాల పొయ్యిల్లోకే పోతుంది, అది వేరే సంగతి.

నలుపు గురించి ఇంకో ముచ్చట. పారిస్‌లో గోబెలిన్ అనే ప్రసిద్ధ నేతశాలలో అద్దకాలు చూసుకోవడానికి 1824లో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తను పెట్టారు. నీలం, ఊదా పక్కన నేసిన నలుపు వెలిసినట్టుందని ఆయన ముందుకు ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే నల్ల రంగులో లోపమే లేదు. పక్క రంగు దాన్ని అలా చూపిస్తోంది. 1839లో ఆయన దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. కాబట్టి ఉండలను విడివిడిగా చూసి తీర్పు చెప్పకండి. రెండు పోగులు కలిపి వేలికి చుట్టి చూడండి, పక్కపక్కన అవి ఎలా మసలుకుంటాయో అప్పుడు తెలుస్తుంది.

నా సంచీకి తిరిగొస్తే, ఛాతీ మీద 15 సెంటీమీటర్ల పువ్వుల పట్టీ, మిగతాదంతా సాదా అనుకున్నాను. పట్టీకి మీగడ రంగు నేల వేసి ముదురు పువ్వులు అల్లవచ్చు. అందంగానే ఉంటుంది. కానీ ఓపెన్‌కాస్ట్ గని పక్కన బతికేవాళ్లం, మీగడ నేల ఎన్ని రోజులు మీగడగా ఉంటుంది? తిప్పేశాను. ముదురు నేల, మీగడ పువ్వులు.

అప్పుడు తట్టింది. ఎరుపు 82, పచ్చ 82, నెమలికంఠం 88. ఏ సమానత్వం నా పాత స్వెట్టర్‌ను ముంచిందో అదే ఇప్పుడు పనికొస్తుంది. ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి నేలగా మార్చుకుంటూ పోతే, వెలుతురు ఒకటే కాబట్టి మీగడ పువ్వు ఎక్కడా విరగదు, రంగు మాత్రం కింద నుంచి పైకి మారుతుంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి అల్లికల కిటుకు కూడా ఇదే. 1922లో బ్రిటిష్ యువరాజు గోల్ఫ్ మైదానానికి అక్కడి స్వెట్టర్ తొడుక్కొచ్చాక దానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. చూస్తే ఏడెనిమిది రంగులుంటాయి, కానీ ఏ వరుసలోనూ చేతిలో రెండుకు మించి ఉండవు.

ఇక బరువు. ముందు 10 సెంటీమీటర్ల చదరపు ముక్క సాదాగా అల్లి తూచాను, 6 గ్రాములు. అదే కొలతకు రెండు రంగుల ముక్క 8 గ్రాములు తూగింది. పనిలేని రంగు వెనకవైపు సాగుతూ వస్తుంది కదా, ఆ దారం బరువది. ఛాతీ చుట్టు 100 సెంటీమీటర్లు, పట్టీ 15. అంటే 15 ముక్కలు, 120 గ్రాములు. నేలకు 60 వంతులు, పువ్వుకు 40 వంతులు అనుకుంటే నేలకు 72, మీగడకు 48. నేల మూడు రంగులకూ తలా 24. అన్నిటికంటే తక్కువున్న నెమలికంఠం 40 గ్రాములు కాబట్టి భయం లేదు. పట్టీ కాక ఒంటికి 45 సెంటీమీటర్లు, 270 గ్రాముల బూడిద రంగు. రెండు చేతులకు 186 గ్రాముల గోధుమ రంగు.

ఇక్కడ చిక్కొచ్చింది. ఏ రంగుకైనా నూటికి పది ఎక్కువ ఉంచుకోకుండా సూది పట్టకూడదు. 186కు పదో వంతు కలిపితే 205, నా దగ్గర ఉన్నది 200. ముంజేతి దగ్గర 5 సెంటీమీటర్లు ముదురు నీలానికి ఇచ్చాను, 12 గ్రాములు తగ్గి లెక్క కుదిరింది. చూసినవాళ్లు అదేదో డిజైన్ అనుకుంటారు, అనుకోనీయండి.

కుట్ల లెక్కలో ఇంకో గుంట ఉంది. సాదా అల్లికలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తే, రెండు రంగుల్లో చెయ్యి బిగిసి నాకు 22 వచ్చాయి. 200 కుట్లతోనే పట్టీలోకి వెళ్తే ఛాతీ 91 సెంటీమీటర్లకు ముడుచుకుంటుంది, మా ఆయన ఊపిరి బిగబట్టుకోవాలి. పువ్వుకు 8 కుట్లు కాబట్టి 8తో తెగే సంఖ్య కావాలి. 224 వేస్తే 28 పువ్వులు, 102 సెంటీమీటర్లు. వెనక సాగే దారం 5 కుట్లు దాటితే వేళ్లకు తగులుకుంటుంది, పువ్వు గీసుకునేటప్పుడే అది చూసుకోవాలి. మిగులు ఊలులో మందం తేడాలూ ఉంటాయి. స్కేలుకు చుట్టి చూడండి. అంగుళానికి 10 చుట్లు పట్టేదాన్నీ 14 చుట్లు పట్టేదాన్నీ ఒకే వరుసలో కలపొద్దు. ఒకే రంగు రెండు ఉండలుంటే లేబుల్ మీద లాట్ నంబరు చూడండి. నంబరు వేరైతే ఒంటి మీద చార కనబడుతుంది, ఆ ఉండను పట్టీకి పంపండి.

చివరగా ఒక మాట, తొడుక్కునే వేళ గురించి. పట్టపగలు మన కన్ను 555 నానోమీటర్ల, పసుపు కలిసిన పచ్చ వెలుతురును బాగా పట్టుకుంటుంది. మసక చీకట్లో అది 507కు, నీలిపచ్చ వైపు జరుగుతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని 1819లో పువ్వులు చూసి గమనించాడు. పొద్దున ఎర్ర మందారం నల్లగా, దాని ఆకులు తేటగా కనబడేది ఇందుకే. కాబట్టి ఫస్ట్ షిఫ్టు వేళకు నా పట్టీలో ఎర్ర నేల నల్లబడుతుంది, నెమలికంఠం కాస్త తేలుతుంది, మీగడ పువ్వు మాత్రం నిలబడుతుంది. ఎరుపును కిందికీ నెమలికంఠాన్ని పైకీ పెట్టింది అది చూసుకునే.

42 వరుసల పట్టీలో ఒక్కో నేల రంగుకు 14 వరుసలు. లెక్క ప్రకారం స్వెట్టర్‌కు పట్టేది 576 గ్రాములు. 394 గ్రాములు మళ్లీ సంచీలోకి పోతాయి, నాకెంతో ఇష్టమైన లేత గులాబీ 30 గ్రాములతో సహా.